కారులో కలకత్తా – అయిదుగురు పెన్షనర్ల యాత్ర

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటె బాగా తెలిసినవారు ఇంతవరకు మాట్లాడారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు "మీ కలకత్తా ప్రయాణం సంగతి చెప్పండి" అని ఆదేశించారు. 2024 డిసెంబరులో మేము అయిదుగురు మిత్రులం శ్రీకాకుళం నుండి అద్దె కారులో కలకత్తా వెళ్ళివచ్చిన మాట నిజమే. రెవెన్యూలో పనిచేసిన వాళ్ళం ఇద్దరం, ట్రెజరీ నుండి ఒకరు, పోస్టాఫీసు నుండి ఒకరు, అయిదవ వారు మాస్టారు. అందరం డెబ్బై దాటినవాళ్ళమే.

2001 నుండి ఆ నగరం పేరు కోల్‌కతా. మన వైపు వాళ్ళ నోటికి మాత్రం అది కలకత్తాయే. మన జిల్లాల నుండి ఒకప్పుడు పొట్ట చేతబట్టుకుని పోయినవారికి రెండు దారులుండేవి. ఓడెక్కితే రంగూను, రైలెక్కితే కలకత్తా. నెల్లిమర్ల, చిట్టివలసల్లో జూట్ మిల్లులు వెలిసిన ప్రాంతం మనది. గోగునార మనకు కొత్త కాదు. హుగ్లీ నది ఒడ్డు జూట్ మిల్లుల్లో మనవాళ్ళు తరాల తరబడి పనిచేశారు. మాస్టారి తండ్రిగారు ఆ విధంగానే టీటాగఢ్ వెళ్ళారు. నెలనెలా మనియార్డరు వచ్చేది. మాస్టారికి తొమ్మిదో ఏట అది ఆగిపోయింది. తరువాత కబురు వచ్చింది. అంతదూరం వెళ్ళి కర్మ చేయడానికి ఇంట్లో డబ్బూ లేదు, తోడూ లేదు. వాళ్ళమ్మగారు దాచిన మనియార్డరు కూపన్లు మాత్రం ఇప్పటికీ ఆయన ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

"ఒక్కసారి ఆ ఊరు చూడాలోయ్" అని ఆయన ఇరవై ఏళ్ళుగా అంటున్నారు. ఈలోగా గుండెకు స్టెంటు వేశారు. కుమారుడు ససేమిరా వద్దన్నాడు. "నాన్నగారికి దారిలో ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?" అని మమ్మల్ని నిలదీశాడు. ఆ ప్రశ్నలో తప్పులేదు. అందుచేత మేము అతనితో వాదించలేదు. నలుగురం వాళ్ళింటికి వెళ్ళి, కూర్చుని, షరతులు రాసుకున్నాం. గుండె డాక్టరు గారు సరేనంటేనే బయలుదేరాలి. రోజుకు రెండుసార్లు ఫోను చేయాలి. రాత్రిపూట కారు నడపకూడదు. మందులు రెండు సంచుల్లో, రెండు చోట్ల ఉండాలి. డాక్టరు చీటీల నకళ్ళు అందరి జేబుల్లోనూ ఉండాలి. అబ్బాయి అది చదివి, "రైల్లో వెళ్ళొచ్చు కదా" అన్నాడు. కారైతే ఎక్కడ కావలిస్తే అక్కడ ఆగవచ్చు, ఆయాసమొస్తే వెనక్కి తిరగవచ్చు అన్నాం. అప్పటికి ఒప్పుకున్నాడు.

శ్రీకాకుళం నుండి కలకత్తా సుమారు 770 కిలోమీటర్లు. పాత లెక్కలో చాలావరకు అయిదో నంబరు రోడ్డు, ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి. పలాస, ఇచ్ఛాపురం దాటి, బరంపురంలో ఫలహారం చేసి, చిలకా సరస్సు పక్కనుండి మొదటిరోజు భువనేశ్వర్ చేరాం. అక్కడ ఒక లాడ్జిలో "వెంట వయసులో ఉన్నవారు లేకుండా ముసలివాళ్ళకు గది ఇవ్వం" అన్నారు. మా డ్రైవరు కుర్రవాణ్ణి చూపించినా వినలేదు. మరొక చోట ఏ ఇబ్బందీ లేకుండా ఇచ్చారు. కాబట్టి వెళ్ళేవారు గదులు ముందుగా మాట్లాడుకుని, వయసు కూడా ముందే చెప్పుకోవడం మంచిది.

రెండవరోజు కటక్, మహానది దాటి, బాలాసోర్ మీదుగా ఖరగ్‌పూర్‌లో టీకి ఆగాం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుండి మనవాళ్ళు స్థిరపడిన ఊరది. బజారులో తెలుగు మాట చెవిని పడింది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, అందుకు ముఖ్య కారణం ఈ ఖరగ్‌పూర్ తెలుగువారే.

కలకత్తాలో కారు పెట్టుకు తిరగడం దండగ. కొన్ని వీధులు ఉదయం ఒక వైపుకీ, మధ్యాహ్నం నుండి ఎదురు వైపుకీ వన్ వే. కారును లాడ్జి దగ్గరే వదిలి మెట్రో, లాంచీ, టాక్సీ వాడుకున్నాం. మన దేశంలో మొదటి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న ఆ నగరంలోనే నడిచింది. 2024 మార్చి నుండి హుగ్లీ నది కింద కూడా నడుస్తోంది. సుమారు 520 మీటర్ల నదిని ముప్పావు నిముషంలో దాటేస్తుంది. వెళ్ళేటప్పుడు నది మీద లాంచీలో, వచ్చేటప్పుడు నది కింద రైల్లో వచ్చాం. పైనుండి హౌరా వంతెన చూశాం. 1943లో ప్రారంభమైన ఆ వంతెనలో నట్లు, బోల్టులు లేవు. ఇనుమంతా రివెట్లతో బిగించారు. నదిలో ఒక్క స్తంభం కూడా లేదు.

విక్టోరియా మెమోరియల్, 1814లో మొదలైన మ్యూజియం, దక్షిణేశ్వరం అందరూ చూసేవే. మా గుమాస్తాల బృందానికి అసలు తీర్థం రైటర్స్ బిల్డింగ్. కంపెనీ వారు తమ 'రైటర్ల' కోసం, అనగా గుమాస్తాల కోసం 1777లో మొదలుపెట్టిన కట్టడమది. మన పోలీసు స్టేషనులో రైటరు గారి పేరు ఆ వంశానిదే. 1930 డిసెంబరు 8న బినయ్, బాదల్, దినేష్ అనే ముగ్గురు యువకులు అందులోకి వెళ్ళి జైళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్ సింప్సన్‌ను కాల్చారు. ఎదుటి డల్హౌసీ స్క్వేరుకు ఇప్పుడు వారి పేరే. సచివాలయం 2013 అక్టోబరులో హౌరా వైపు నబన్న భవనానికి తరలింది. బయటినుండి ఆ ఎర్ర గోడలను చూస్తూ మా ట్రెజరీ మిత్రుడు, "మన ఫైళ్ళన్నిటికీ పుట్టిల్లు ఇదేనన్నమాట" అన్నాడు.

విజయనగరానికి కూడా ఆ నగరంతో రుణం ఉంది. గురజాడ వారు ఇంగ్లీషులో రాసిన 'సారంగధర' 1883లో విజయనగరం పత్రికలో వచ్చింది. దానిని కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ తన 'రీస్ అండ్ రయ్యత్' పత్రికలో పునర్ముద్రించి, ఆ యువకుణ్ణి ప్రోత్సహించారు.

మూడవరోజు సియాల్దా నుండి లోకల్ రైల్లో టీటాగఢ్ వెళ్ళాం. మాస్టారి దగ్గర మిల్లు పేరు లేదు, ఇంటి గుర్తు లేదు. కూపను మీద ఉన్నది ఒక్క తపాలా ముద్ర. మా పోస్టల్ మిత్రుడు దానిని భూతద్దంతో చూసి, ఊరు పేరు తప్ప మరేమీ తేలదన్నాడు. కిరాణా కొట్టు దగ్గర తెలుగు విని ఒక పెద్దాయన లేచి వచ్చాడు. "సికాకులం నుండి కారు మీద ఒచ్చినారేటి బాబూ!" అన్నాడు. అక్కడే పుట్టిన మనిషి. అయినా మాట మాత్రం మన నాగావళి ఒడ్డుదే. పాత కూలీ లైన్లు చూపించాడు, టీ ఇప్పించాడు. తండ్రిగారి పేరు ఎవరికీ తెలియలేదు. అరవై అయిదేళ్ళు దాటిన మాట, ఎవరికి తెలుస్తుంది?

ఆ పెద్దాయనే మమ్మల్ని ఘాటుకు తీసుకువెళ్ళాడు. మాస్టారు నాలుగు మెట్లు దిగి, మా చేతులు పట్టుకుని కూర్చుని, నువ్వులూ నీళ్ళూ వదిలారు. మంత్రం సగమే గుర్తుంది. మిగతాది తండ్రి పేరుతో సరిపెట్టారు. పైకి వచ్చి అబ్బాయికి ఫోను చేసి, "పని అయిందిరా" అని ఒక్క మాట అన్నారు. అవతల ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

తిరుగు ప్రయాణం కూడా రెండు రోజులే. ఎవరికీ జ్వరం కూడా రాలేదు.

మిత్రులారా! పిల్లల భయం ప్రేమలోంచి వచ్చినదే, దానిని విసుక్కోకూడదు. కాని ఆ భయానికి జవాబు ఇంట్లో కూర్చోవడం కాదు, జాగ్రత్తలు రాసి చూపించడం. ఇంతకాలం ఆఫీసుల్లో మనం చేసిన పని అదే కదా! అయిదుగురికి మించవద్దు, ఖర్చు లెక్క ఒకరి చేతిలోనే ఉండాలి, రోజుకు రెండు చోట్లకు మించి చూడవద్దు, మధ్యాహ్నం నడుం వాల్చాలి, డ్రైవరుకు నిద్ర తప్పకూడదు. ఇక కుటుంబ సభ్యులకు ఒక విన్నపం. మీ ఇంటి పెద్దవారు ఏదైనా ఒక ఊరి పేరు పదేపదే తలుస్తూ ఉంటే, ఎందుకని ఒకసారి అడగండి. అక్కడ వారికి మిగిలిపోయిన పని ఉండవచ్చు. కాళ్ళు ఆడుతున్నప్పుడే అది జరగాలి.

 జై హింద్.