సామాన్ల గదిలో 14 ఫ్లాపీలు
(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగం)

నాకు పది నిమిషాలిచ్చి, 'సాంకేతిక రంగంలో మన బడి' గురించి మాట్లాడమన్నారు. నేను మన సామాన్ల గది గురించి చెబుతాను.

1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ ప్రాజెక్టు కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఇంగ్లండులోని ఏకార్న్ కంపెనీ మెషీన్ అది. మెమరీ 32 కిలోబైట్లు. మీ ఫోన్లో ఒక్క ఫోటోకి కూడా చాలదు. మనమైతే చెప్పులు బయట విప్పి, గుళ్లోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం.

నిరుడు ఆ గది ఖాళీ చేస్తుంటే ఒక మెషీన్, ఒక ఫ్లాపీ డ్రైవు, 14 ఫ్లాపీలు బయటపడ్డాయి. తూకానికి వేసేద్దామన్నారు. నేను కారులో వేసుకుపోయాను. ఇంట్లో ఏమన్నారో ఇక్కడ చెప్పను.

ఇలాంటి మెషీన్ దొరికితే ఆత్రపడి ప్లగ్గు పెట్టకండి. పవర్ సప్లైలో కరెంటు వచ్చే చోట ఉండే కెపాసిటర్లు పాతబడి పగుళ్లిస్తాయి. స్విచ్ వేస్తే ఇల్లంతా పొగ. ముందు అవి మార్చాను. డ్రైవుకు 5, 12 వోల్టులు కావాలి. పాడైన డెస్క్‌టాప్ లోంచి తీసిన ఎస్ఎంపీఎస్ వాడాను. దాని ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే లేచి కూర్చుంటుంది. హెడ్డు జరిగే కడ్డీల మీద గ్రీజు జిగురులా గట్టిపడింది. స్పిరిట్‌తో తుడిచాను.

ఫ్లాపీలకు బూజు పట్టింది. ఒకసారి చదివితే రెండోసారి చదువుతాయన్న నమ్మకం లేదు. చదివిందాన్ని వెంటనే భద్రపరచాలి. అందుకని మెషీన్ యూజర్ పోర్టుకు ఎస్డీ కార్డు తగిలించాను. ఫోన్ మెమరీ కార్డుతో వచ్చే ప్లాస్టిక్ అడాప్టరే నా సాకెట్. దాని కాళ్లకు నేరుగా వైర్లు అతికాను. మెషీన్ మాట్లాడేది 5 వోల్టుల్లో, కార్డు తట్టుకునేది 3.3. మధ్యలో పాత బోర్డుల నుంచి పీకిన రెసిస్టర్లు, ఒక రెగ్యులేటర్.

కార్డును ఎలా చదవాలో మెషీన్‌కు చెప్పే ప్రోగ్రాం ఈప్రామ్ చిప్పులో ఉండాలి. అది అభిమానులు ఉచితంగా ఇస్తున్నదే. చిప్పు ఒక చచ్చిన ప్రింటర్లో దొరికింది. కానీ అందులో పాత రాత ఉంది. దాన్ని చెరపాలంటే గాజు కిటికీ మీద అతినీల కిరణాలు పడాలి. ఎండలో పెడితే దాదాపు వారం. మా ఇంట్లో మూలపడ్డ వాటర్ ప్యూరిఫయర్లో ట్యూబు ఉందిగా! క్రిముల్ని చంపేదీ ఆ కిరణాలే. మూతపెట్టిన డబ్బాలో అరగంట ఉంచితే చెరిగిపోయింది. ఆ వెలుగు మాత్రం చూడకండి, కళ్లు పోతాయి. ఇప్పుడా కార్డులో ఒక్క ఫైలులోనే 511 ఫ్లాపీలు పడతాయి.

ఇక అసలు సంగతి. పదో తరగతిలో మన లెక్కల మాస్టారు గ్రాఫ్ పుస్తకంలో గళ్లు నింపి తెలుగు అక్షరాలు తయారుచేశారు, గుర్తుందా? ఎనిమిది గళ్ల వెడల్పు, ఎనిమిది గళ్ల ఎత్తు. అందులో మన అక్షరం ఇమడదని ఒక్కోదానికి రెండేసి గడులు. వార్షికోత్సవం నాడు తెర మీద బడి పేరు తెలుగులో కనిపించాలని ఆయన కోరిక. ముందురోజు నేను వేరే ఫ్లాపీ అనుకుని దాన్ని ఫార్మాట్ కొట్టేశాను. భయంతో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పేరు ఇంగ్లీషులో వచ్చింది. 'ఫ్లాపీ పాడైంది' అని అందరికీ మాస్టారే చెప్పారు. నన్ను ఒక్క మాట అడగలేదు. పాడుచేసింది నేనే. సార్, ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

14లో 9 చదివాయి. మూడింటికి కవరు కత్తిరించి, లోపలి బిళ్లను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టాల్సి వచ్చింది. ప్రతి ఫ్లాపీ తర్వాతా హెడ్డు తుడవాలి, లేకుంటే ఒకదాని బూజు ఇంకోదాన్ని గీకేస్తుంది. చాలావరకు మన పాము ఆటలు, సగంలో వదిలేసిన మార్కుల లిస్టులు. పదకొండో ఫ్లాపీలో మాస్టారి ప్రోగ్రాం కనిపించింది. నేను చెరిపింది కాదు, అంతకు ముందుది. నడిపితే తెర మీద 'పాఠశా' వరకే వచ్చింది. 'ల'కు కేటాయించిన రెండు గడులూ సున్నాలే.

మెషీన్ పక్క గదిలో పెట్టాను, భోజనాలయ్యాక రండి. సార్, గ్రాఫ్ పుస్తకం, పెన్సిలు కూడా అక్కడే పెట్టాను. అంకెలు నేను టైపు చేస్తాను.