ఒంట్లోని పొయ్యి



మహాశివరాత్రికి హిమాయత్‌నగర్ పరమేశ్వరుడి గుడి ఎంత కళకళలాడుతుందో ఆ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఆనాడు ఉపవాసం ఉన్న మనిషి పగలంతా ఏమీ తినడు, రాత్రి జాగారం చేస్తాడు. అయినా ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. పొయ్యిలో కట్టె పెట్టకుండా మంట ఎలా మండుతోంది?

ముందుగా కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం ఖర్చవుతుంది. అది సుమారు వంద గ్రాములు. ఒక రోజులో చాలావరకు అయిపోతుంది. ఆపైన ఒంట్లోని కొవ్వు ఎక్కువగా ఇంధనమవుతుంది. ఉపవాసమని చెప్పి సాబూదానా ఖిచిడీ రెండు పళ్లేలు తినేవారి సంగతి వేరే! తిన్నదాన్ని శక్తిగా మార్చుకోవడం, ఆ శక్తితో ఒంటిని నిలుపుకోవడం, ఈ పనులన్నింటినీ కలిపి జీవక్రియ అంటారు.

కణాల్లో ఈ శక్తి రొక్కంలా చెలామణి అయ్యేది ఏ.టి.పి. అనే పదార్థం రూపంలో. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెలికితీశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. పత్తి మూటను ఒక్క ఊపున భుజానికెత్తినప్పుడు, ఆ మొదటి క్షణాల్లో ఆదుకునేది ఆ ఫాస్ఫోక్రియేటినే.

అయితే మూటలు మోయకపోయినా ఖర్చు ఆగదు. చాలామందికి రోజు మొత్తం మీద ఖర్చయ్యే శక్తిలో సగానికి పైగా ఊరికే పడుకున్నా ఖర్చవుతుంది. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. విశ్రాంతి వేళ ఖర్చులో మాత్రం దాని వాటా సుమారు 20 శాతం.

"నలభై దాటాయి, ఒంట్లో వేడి తగ్గింది, అందుకే పొట్ట వచ్చింది" అని రచ్చబండ దగ్గర తరచు వింటాం. 2021లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం 29 దేశాలలో 6,400 మందికి పైగా మనుషుల కొలతలను పరిశీలించింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, ఇరవై నుంచి అరవై ఏళ్ల దాకా ఈ ఖర్చు నిలకడగానే ఉందని తేలింది. అరవై దాటాకే మెల్లగా తగ్గుతుంది. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే తగ్గడం నిజమే, అది రక్తపరీక్షలో తెలుస్తుంది. మిగిలినవారు వయసును నిందించే ముందు, చేనుకు నడిచి వెళ్లడం ఎప్పుడు మానారో గుర్తు చేసుకోవాలి.

పొట్ట లేనివారు కూడా నిశ్చింతగా ఉండడానికి లేదు. పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అప్పుడే పుట్టిన శిశువులను కొలిచి, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చింది. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. అక్కడి శిశువుల సగటు బరువు 3.5 కిలోలు, మన పల్లె శిశువులది 2.7 కిలోలు. తగ్గింది ఏమిటి? కండ తగ్గింది, పొట్టలోని అవయవాలు చిన్నవయ్యాయి. కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. అంటే చూపుకు బక్కపలచన, లోపల కొవ్వు.

భోజనం తర్వాత రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటాను తీసుకునేది కండరాలే. కండ తక్కువైతే ఆ చక్కెరకు చోటు తక్కువ. బక్కగా ఉన్నవారికీ మధుమేహం రావడానికి ఇదొక కారణం. అందుచేత తూకాన్ని నమ్ముకుని కూర్చోకుండా టేపు తీసి నడుము కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవాలి. నడక, బరువు పని, జొన్నరొట్టెతో పాటు చిక్కటి పప్పు, ఇవి కండను నిలబెడతాయి.

ఇక బిడ్డకు కండ పట్టేది తల్లి కడుపులోనే. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే కోడలికి అనే పద్ధతి ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. అత్తగారలారా, కడుపుతో ఉన్న కోడలికి మొదటి పళ్లెం పెట్టండి. పప్పు గరిటె ముందు అటు తిప్పండి.