వంటగట్టు మీద పాలరాయి

బస్తర్‌లో, జగదల్‌పూర్‌కు దక్షిణాన ఉన్న కాంగేర్ లోయలో కోటుంసర్ గుహ ఉంది. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లమవుతుంది. ఆ నీరు యుగాలపాటు సున్నపురాయిని కరిగించగా ఏర్పడిన గుహ అది. కరిగిన కాల్షియం కార్బొనేటే పైకప్పు నుంచి చుక్కచుక్కగా దిగి స్తంభాలు కట్టింది.

ఇదే సున్నపురాయి భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ లోనై మళ్లీ స్ఫటికాలు కడితే పాలరాయి అవుతుంది. రూపు మారుతుంది గాని రసాయనం మారదు. అందుకే పాలరాయి పరిచిన వంటగట్టు మీద పులుసు ఒలికితే, గుహలో యుగాలు పట్టిన పని ఇక్కడ నిమిషాల్లో మొదలవుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం మెరుపును తినేస్తుంది. ఆ మచ్చ మరక కాదు, రాయి కరిగిన చోటు. ఎంత తోమినా పోదు. సీలరు పూస్తే చాలని కొందరంటారు. అది నూనె, పసుపు ఇంకకుండా అడ్డుకుంటుంది గాని ఆమ్లాన్ని ఆపలేదు.

పైగా మోస్ కొలతలో పాలరాతి కాల్‌సైటు కాఠిన్యం 3, గ్రానైటులోని క్వార్ట్జ్‌ది 7. కత్తి గీత దేనిమీద పడుతుందో మీరే చెప్పగలరు. మన తాండూరు బండ కూడా సున్నపురాయే సుమా! ఇంట్లో వేలు ఖర్చుపెట్టే ముందు, రాతి ముక్క తెచ్చి దానిపై నిమ్మచెక్క బోర్లించి పది నిమిషాలు ఆగి చూడండి. పులుసు లేనిదే పూట గడవని ఇళ్లకు గ్రానైటే మేలని నా అభిప్రాయం. పాలరాయి మీద మనసుంటే చపాతీ పీట ఒకటి కొనుక్కోవచ్చు.