మా ఇంటి మూడు కార్లు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు మమ్మల్ని పిలిచి, "మీ ఇంట్లో ఎన్నో కార్లు నడిచాయి గదా, వాటిలో మీకు ఇష్టమైన వాటిని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఇది వినోదానికి అడిగిన సంగతే అయినా, మేము నలుగురం అన్నదమ్ములం కూర్చొని ఆలోచిస్తే, మనవాళ్ల బతుకుదెరువుకు సంబంధించిన మాట ఒకటి ఇందులో ఉన్నట్టు తోచింది. అది చివరన మనవి చేస్తాము. ముందు కార్ల ముచ్చట చెప్పుకుందాము.

మా ఇంటికి వచ్చిన మొదటి కారు అంబాసిడర్. 1968లో మా అబ్బాజాన్ దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. కర్నూలులో మాకు వేరుశనగ వ్యాపారం. కారు కొన్నది వ్యాపారానికే గాని, అది మా ఇంటిది అనేకంటే మా వీధిది అంటేనే సబబు. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా మీద, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దీన్ని తయారు చేసేవారు. 1950 దశకం చివరి నుంచి 2014 మే వరకు ఆ పేరుతోనే వచ్చింది. అంతకాలంలో పైరూపం పెద్దగా మారింది లేదు.

దాని ముందు సీటు నేటి కార్లలో మాదిరి విడివిడిగా ఉండేది కాదు. బెంచీ వలె ఒకటే సీటు. ముందు ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్లో పిల్లలు, డిక్కీలో డేగ్షాలు! పెళ్లికూతుర్ని తీసుకురావాలన్నా, అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చిన వారిని పెద్దాసుపత్రికి చేర్చాలన్నా తలుపు తట్టేది మా ఇంటినే. అబ్బాజాన్ ఒక్కసారి కూడా "పెట్రోలు డబ్బులు" అన్న మాట ఎత్తలేదు. "కారుకు దేవుడు నాలుగు తలుపులు పెట్టింది ఒక్కడు ఎక్కడానికా?" అనేవారు. ఆ కారు మాకు ఎందుకిష్టమంటే ఇందుకే. అది అందరినీ ఎక్కించుకొన్నది.

రెండవది ఫియట్. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఫియట్ 1100 నమూనా మీద తయారు చేసిన ఈ కారుకు 1974లో ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టారు. జనం మాత్రం చివరిదాకా ఫియట్ అనే పిలిచారు. ఆ రోజుల్లో డబ్బు చేతిలో ఉన్నా కారు వెంటనే దొరికేది కాదు. లైసెన్సుల కాలం గదా, పేరు రాయించుకొని ఏళ్ల తరబడి ఎదురు చూడవలసిందే. మాకు 1979లో వచ్చింది. బూడిదరంగు బండి. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. మేము నలుగురం డ్రైవింగు నేర్చుకొన్నది దాని మీదనే. అమ్మీకి ఆ కారంటే ప్రాణం. ముందు తలుపులకు ఉండే ముక్కోణపు చిన్న అద్దాన్ని కాస్త తిప్పితే గాలి మొహానికే కొట్టేది. ఏసీ లేని ఎండాకాలంలో, అప్పటి 7వ నెంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు పోయేటప్పుడు, ఆ చిన్న అద్దమే మాకు పెద్ద సుఖం.

ఫియట్ మాకు నేర్పిన విద్య ఒకటి ఉన్నది. చెవితో వినడం. ఆ కాలపు ఏ పెట్రోలు కారుకైనా డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు ఉండేవి. వాటికి మసి పడితే నిప్పురవ్వ సరిగా పుట్టదు, ఇంజను దగ్గుతుంది. కార్బురేటరు జెట్టులో చిన్న నలుసు అడ్డం పడితే బండి మొరాయిస్తుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కుతూ అట్లాంటిది జరిగితే ఎవరికోసమూ ఎదురు చూసేది లేదు. గరుకు కాగితంతో పాయింట్లు రుద్దడం, జెట్టు విప్పి నోటితో ఊదడం, మళ్లీ బయలుదేరడం. ఇదంతా మాకు నేర్పింది మా వీధి చివర షెడ్డులో ఉండే ఉస్తాద్. ఆయన బడికి పోయింది అయిదో తరగతి దాకానే. బానెట్టు మూసి ఉండగానే, చెవి పెట్టి విని, "మూడో ప్లగ్గు చూడండి" అనేవారు. విప్పితే మూడోదే!

మూడవది మారుతి 800. 1983 డిసెంబరు 14న నాటి ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు ఇచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. మేము 1988లో కొన్నాము. తెల్లది. "ఇది కారా, అగ్గిపెట్టెనా" అని పెద్దలు నవ్వారు. ఆ అగ్గిపెట్టే మా ఇంట్లో అందరికంటే ఎక్కువకాలం నడిచింది.

2009 అక్టోబరు 2వ తేదీ సంగతి కర్నూలు వారికి చెప్పనక్కరలేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చాయి. మేము మిద్దె ఎక్కి ప్రాణాలు కాపాడుకొన్నాము. కారు పైకప్పు దాకా మునిగింది. నీళ్లు తీసిన తర్వాత చూస్తే సీట్ల మీద జానెడు బురద. ఇంకా ముట్టనైనా ముట్టలేదు, ఉస్తాద్ కబురు పంపించారు: "తాళం తిప్పొద్దు భాయ్. తిప్పినారంటే ఇంజను పోతుంది."

ఎందుకంటే, గాలి నలుగుతుంది గాని నీరు నలగదు. సిలిండరులో నీళ్లుండగా ఇంజను తిప్పితే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఈ ఒక్క మాట వరద ప్రాంతాల వారందరూ గుర్తు పెట్టుకోదగినది. ఆయన ముందు బ్యాటరీ తీయించారు, తర్వాత ప్లగ్గులు. బండిని టాప్ గేరులో వేసి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపి చేత్తో తిప్పించారు. ప్లగ్గుల సందుల్లోంచి బురదనీళ్లు చిమ్మినాయి. ఇంజను ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉన్నది. మూడుసార్లు మార్చారు. కార్బురేటరును పెట్రోలుతో కడిగారు. సీట్లు మిద్దె మీద ఎండబెట్టాము. పంతొమ్మిదో రోజు బండి స్టార్టయింది.

ఇక్కడ చెప్పవలసిన మాట ఇంకొకటి ఉన్నది. వరదలో ఉస్తాద్ ఇల్లు కూడా మునిగింది. స్పానర్ల పెట్టె బురదలో దొరికింది. వాటిని ఒక్కొక్కటి కిరోసిన్‌తో తుడిచి, గోనె మీద వరసగా పేర్చుకొని, ఆ తర్వాతే మా కారు మీద చెయ్యి వేశారు. కూలి ఎంత అని అడిగితే, "ముందు మీ ఇల్లు బాగు చేసుకోండి" అన్నారు. మారుతి మాకు ప్రియమైనది ఆ చేతుల వల్ల. 2014లో దాన్ని అమ్మాము.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త కారు ఉన్నది. పాతవే బంగారం, కొత్తవి మట్టి అని మేము అనము. పాత బెంచీ సీట్లకు బెల్టులు ఎక్కడివి? నేటి కార్లకు ఎయిర్ బ్యాగులున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చి పొగ తగ్గింది. ఇవన్నీ మంచివే. కాని కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పాయింట్లు పోయి కంప్యూటరు వచ్చింది. డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగితే చెవి పెట్టి వింటే చాలదు, స్కానరు తగిలించి చూడాలి. ఉస్తాద్ కొడుకు ఆ షెడ్డులోనే ఉన్నాడు. తండ్రి పనితనం చేతుల్లో ఉన్నది. కాని స్కానరు కొనే స్తోమత లేక, దాన్ని చదవడం నేర్పేవారు లేక, ఇప్పుడు పంచర్లకు, ఆయిలు మార్పిడికి పరిమితమవుతున్నాడు. మన వీధుల్లో ఇట్లాంటి కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

అందుచేత సంఘం వారికి మా మనవి ఇది. డాక్టరు, ఇంజనీరు చదువులకు ఇచ్చే స్కాలర్‌షిప్పులు ఇవ్వండి. వాటి పక్కనే ఐటీఐలో రెండేళ్ల మోటారు మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు కూడా కొంత కేటాయించండి. షెడ్లవాళ్లందరూ వంతులవారీగా వాడుకొనేటట్టు సంఘం పేరున ఒక మంచి స్కానరు కొనండి. బ్యాటరీ కార్లు వస్తున్నాయి. వాటిలో వందల వోల్టుల కరెంటు ఉంటుంది, తెలియక చెయ్యి పెడితే ప్రాణానికే ముప్పు. ఆ శిక్షణ ఇప్పటినుంచే ఇప్పించాలి. మొదటి స్కానరుకు మా అన్నదమ్ముల తరఫున సగం ఖర్చు ఇస్తామని ఈ సభలో మాట ఇస్తున్నాము. మిగతా సగం మీ అందరిదీ.