వెన్నువంకర – వేచియుండరాని వ్యాధి

ఎదుగు బిడ్డ వెన్ను ప్రక్కకు వంకరవోయినచో, శస్త్రచికిత్సకై వేచియుండు నెలలలో నా వంకర యింకను హెచ్చవచ్చును. అది 40, 50 డిగ్రీలకుఁ జేరకమున్నే కనుఁగొన్నచోఁ బలువురకు వెన్నును నిలుపు పట్టాయే చాలును. శస్త్రమునకై వేచువారి వరుసయుఁ దగ్గును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము ననుసరించి వైద్యబృందములు బడులకు వచ్చి పిల్లలను బరీక్షించుచున్నవి. కాని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి గుంటూరు సీమకు సుగ్గికిఁ దరలు కుటుంబముల పిల్లలు బడిలో నుండరు. ఉపాధ్యాయుఁడనై యా ఖాళీ బల్లలను నేఁ బెక్కు మారులు చూచితిని.

కావున సుగ్గికిఁ బోవుటకు మున్నే, 10 మొదలు 15 ఏండ్ల పిల్లలను, పాదములు చేర్చి, మోకాళ్లు వంచక ముందునకు వంగుమని వెనుకనుండి చూడుఁడు. ఆఁడుపిల్లలను దల్లులు చూతురు గాక. వీఁపున నొకప్రక్క యెత్తుగాఁ గనఁబడినచోఁ బూర్వకర్మమనకుఁడు; మిరపకోఁత ముగియువఱకు నాగకుఁడు; కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో యెముకల వైద్యులకుఁ జూపుఁడు. వరుసలోఁ బేరు ముందుగాఁ జేరుట మన చేతిలోనిదే.