గడ్డకట్టే చలిలో నీటి గొట్టాలు – అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు

మా హోసూరులో మార్గశిరం వచ్చిందంటే తెల్లవారుజామున మంచు కమ్ముకుంటుంది. పిల్లలు స్వెట్టర్లు వేసుకుని బడికి వస్తారు. కానీ ఎంత చలి పెట్టినా, ఆ చలివల్ల కుళాయిలో నీళ్లు ఆగిపోవడం మనం చూడలేదు. మన దగ్గర నీళ్లు ఆగాలంటే మోటారు కాలిపోవాలి, లేదా కరెంటు పోవాలి. అందుకని ఈరోజు నేను చెప్పబోయేది మీకు కొంచెం దూరపు సంగతిగా అనిపించవచ్చు. అయినా కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్లు మన ఊళ్లలో ఇప్పుడు తక్కువేమీ కాదు. కోడలి పురుటికనీ, మనవణ్ణి చూసుకోవడానికనీ వెళ్లి నెలల తరబడి అక్కడ ఉండి వచ్చేవారు మీలో ఉన్నారు. పిల్లలు ఆఫీసులకు వెళ్లిపోతే పగలంతా ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండేది మీరే.

2022 డిసెంబరులో మా అక్క డాలస్ నగరం దగ్గర కొడుకు ఇంట్లో ఉంది. క్రిస్మస్ ముందు అక్కడ ఉన్నట్టుండి చలిగాలి విరుచుకుపడింది. ఆ రాత్రి మా మేనల్లుడు వంటింటి కుళాయిని సన్నగా ధార కారేటట్టు తిప్పి ఉంచి పడుకున్నాడు. ఎందుకో అమ్మకు చెప్పలేదు. అర్ధరాత్రి మంచినీళ్లకు లేచిన అక్క ఆ ధార చూసి, కుళాయి గట్టిగా బిగించి పడుకుంది. బిందె నీళ్ల కోసం వరసలో నిలబడి పెరిగిన మనిషి. తర్వాత ఫోనులో నాతో, "కండ్ల ముందర నీళ్లు కారిపోతా ఉంటే చూసి ఎట్లా పడుకునేదిరా?" అంది. నేనున్నా అదే పని చేసేవాణ్ణి.

తెల్లవారి కుళాయిలో నీళ్లు రాలేదు. మరుసటి రోజు చలి తగ్గాక వచ్చాయి, సింకు వెనక గోడలోంచి!

దీనికి కారణం తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా చెప్పవచ్చు. నీరు గడ్డకడితే దాని పరిమాణం దాదాపు నూటికి 9 వంతులు పెరుగుతుంది. గాజుసీసా నిండా నీళ్లుపోసి మూత బిగించి ఫ్రీజరులో పెడితే సీసా పగలడం మీరు చూసే ఉంటారు. గొట్టంలో కొంచెం తేడా ఉంది. మధ్యలో ఒకచోట మంచు బిరడాలాగా అడ్డుపడి, కుళాయివైపు పెరుగుతుంది. ఆ బిరడాకూ, మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటికి దారి ఉండదు. సైకిలు పంపు నోరు వేలితో మూసి నొక్కినట్టు ఒత్తిడి పెరిగిపోతుంది. చివరికి బలహీనంగా ఉన్నచోట గొట్టం చీలుతుంది. మంచు కట్టినచోటే చీలాలని లేదు. కుళాయి కొద్దిగా తెరిచి ఉంటే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. అక్క కట్టేసింది ఆ దారినే.

మరో చిక్కు అక్కడి డిగ్రీలు. టీవీలో 32 డిగ్రీలు అంటే మనకు ఎండాకాలం గుర్తుకు వస్తుంది. వాళ్లు చెప్పేది ఫారెన్‌హీట్ లెక్క. అందులో 32 అంటే నీరు గడ్డకట్టే చలి. తొడుగులేని గొట్టాలకు 20 డిగ్రీల దగ్గర, అంటే మన లెక్కలో సున్నాకు సుమారు 7 డిగ్రీలు కింద, ప్రమాదం మొదలవుతుందని ఇలినాయ్ విశ్వవిద్యాలయంవారి పరీక్షల్లో తేలింది. ఉత్తరాది రాష్ట్రాల్లో చలి మామూలు కనుక గొట్టాలను ఇంటి లోపలి భాగాల్లో వేస్తారు. టెక్సాస్ వేడి ప్రాంతం. అక్కడ చాలా ఇళ్లలో గొట్టాలు అటకమీదా, బయటి గోడల్లోనూ పోతాయి. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయం దగ్గర మన లెక్కలో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. అదే సమయంలో లక్షలాది ఇళ్లకు కరెంటు కూడా లేదు. ఎన్నో ఇళ్లలో గొట్టాలు పగిలి పైకప్పులు ఊడిపడ్డాయి.

కాబట్టి అంత చలి వస్తుందని చెప్పిన రాత్రి బయటి గోడవైపు ఉన్న కుళాయిలను, వేడినీళ్లదీ చన్నీళ్లదీ కూడా, సన్నగా కారనివ్వండి. సింకు కింద అల్మారా తలుపులు తెరిచి ఉంచితే ఇంటి వెచ్చదనం గొట్టాలకు తగులుతుంది. కాకపోతే అక్కడ పెట్టిన మందుసీసాలు పసిపిల్లల చేతికి అందకుండా ముందే తీసేయండి. తోటకు నీళ్లు పెట్టే రబ్బరు ట్యూబు బయటి కుళాయి నుంచి ఊడదీయాలి. కరెంటు ఖర్చని రాత్రిపూట హీటరు తగ్గించకండి. నాలుగు రోజులు ఊరికి వెళ్లినా 55 ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా వదిలి వెళ్లాలి. ఈ పొదుపు మనకు పుట్టుకతో వచ్చింది, తెలుసు. అక్కడ ఆ రెండు రోజులు దాన్ని పక్కన పెట్టాలి.

తీరా గడ్డకడితే? కుళాయి తెరిచే ఉంచండి. గొట్టం కంటికి కనిపిస్తుంటే, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతోగాని, వేడినీటిలో ముంచి పిండిన తువ్వాలుతోగాని కుళాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేడి చేసుకుంటూ పోవాలి. నేల తడిగా ఉంటే డ్రయ్యరు పట్టుకోవద్దు. మంట మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. అవి కొయ్య చట్రాలతో కట్టిన ఇళ్లు. గొట్టం గోడలో ఉంటే ప్లంబరును పిలవవలసిందే. ఇంకొక మాట: కరెంటు లేదని బొగ్గుల కుంపటి ఇంట్లో వెలిగించడం, గరాజులో కారు స్టార్టు చేసి కూర్చోవడం ప్రాణాంతకం. వాసన లేని విషవాయువు పుడుతుంది. 2021లో అలా చనిపోయినవారున్నారు.

మన ఇంట్లో గొట్టం పగిలితే మిద్దెమీది ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కారి ఆగుతుంది. అక్కడ నీళ్లు వీధిలైను నుంచే ఒత్తిడితో నేరుగా వస్తాయి, మనం కట్టేదాకా ఆగవు. మా మేనల్లుడి ఇంట్లో మెయిన్ వాల్వు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పసిబిడ్డను ఎత్తుకుని కోడలు ఒక గదిలో, బక్కెట్లు పట్టుకుని అక్క ఇంకో గదిలో, టార్చిలైటుతో వాడు వాకిట్లో. రోడ్డు పక్కన మీటరు పెట్టె మూత కింద అది దొరికేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలో వంటిల్లు దాటి పడకగది దాకా నీళ్లు పోయాయి. వాల్వు కట్టాక నీళ్లు కాచే హీటరు కూడా ఆపాలి. ఖాళీ ట్యాంకులో కరెంటు రాడ్లు కాలిపోతాయి.

అక్క వచ్చే నెల మళ్లీ బయలుదేరుతోంది. ఈసారి దిగిన రోజే వాల్వు చూపించమని అడుగుతుందట, తన చేత్తో ఒకసారి తిప్పి చూస్తుందట. మీరు వెళ్లినా, వెళ్లకపోయినా, ఈ ఆదివారం పిల్లలు ఫోను చేసినప్పుడు అడగండి: "మీ ఇంట్లో మెయిన్ వాల్వు ఎక్కడుంది?"