చిన్న పాఠశాలలో నేనేల నిలిచితిని

“ప్రభుత్వోద్యోగమునకు యత్నింపక యీ చిన్న ప్రయివేటు పాఠశాలలో నేల యున్నావు?” అని మన బంధువులు నన్ను తఱచుగ నడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. జీతము స్వల్పము, పింఛను లేదు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధిచే బడులు మూతపడగా కొన్ని నెలలు జీతమే లేకపోయెను. 2021లో తెలంగాణ ప్రభుత్వము ప్రయివేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఒసగినది. ఆ బియ్యపు సంచిని భుజమున మోసికొని వచ్చినవారిలో నేనును ఒకడను. చెప్పుటకు సిగ్గుపడను.

అయినను విడువలేదు. నా తరగతిలో పిల్లలు పదునెనమండుగురు. వారి పుస్తకములన్నియు ప్రతిదినము నేనే దిద్దుదును. ఒక బాలికకు తీసివేతలో పదులస్థానమునుండి అప్పు తెచ్చుట యెంతకును బోధపడలేదు. చీపురుపుల్లలను పదేసి కట్టలుగా గట్టి నాలుగు దినములు ఆమె ప్రక్కనే కూర్చుంటిని. అయిదవనాడు తానే కట్ట విప్పి లెక్క ముగించెను. అఱువదిమంది గల గదిలో నాకా నాలుగు దినములు దొరకునా? ప్రభుత్వ పాఠశాలలను నిందించుట నా యుద్దేశము కాదు. నేను చదివినది అందే.

మన సంఘదాతలకొక విన్నపము. తమ పేళ్లు చెక్కించి మా బడికి స్వాగతద్వారము కట్టింపదలచితిరని వింటిని. సంతోషమే. కాని వేసవిజీతము లేక ముగ్గురు సమర్థులైన యుపాధ్యాయులు మమ్ము విడిచిపోయిరి. ఆ సొమ్మును మే నెల జీతములకు మరలింపుడు. ఇందు నా స్వార్థమును గలదు, అయినను అడుగుచున్నాను.